చంద్రగిరి కోట, అందులోని గుళ్ళు: దీపం ఎక్కడ నిలిచింది, ఎక్కడ ఆరింది

(తిరుపతిలో, చంద్రగిరి కోటకు వచ్చేవారికి దారి చూపబోయే యువతీయువకుల కోసం ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీరంతా కోట మొదటి వాకిలి దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు చంద్రగిరి గురించి చెప్పబోతున్నారు. రాజుల పేర్లు, సంవత్సరాలు ఏ పలక మీదైనా దొరుకుతాయి. ఈ సాయంత్రం ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ మాట్లాడదాం.

తిరుమలలో దీపం ఈ రోజుకీ వెలుగుతోంది. అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని చంద్రగిరి కోటలో శివాలయాలూ విష్ణ్వాలయాలూ కలిపి ఎనిమిది పాడుబడ్డ గుళ్ళున్నాయి. వాటిలో దీపం లేదు. రెండు చోట్లా మొక్కినవాళ్ళు ఒకే రాజులు, పనిచేసింది ఒకే రకం శిల్పులు. రాయి మన కొండల రాయే, సున్నం మన గానుగ సున్నమే. మరి ఒకటి నిలిచి, మరొకటి ఎందుకు పడింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కోట చరిత్ర దానంతటదే బయటికొస్తుంది.

ముందు రాజుల సంగతి త్వరగా ముగిద్దాం. కోటకు పునాది వేసింది సుమారు క్రీ.శ. 1000లో ఇమ్మడి నరసింహ యాదవరాయలని స్థానిక సంప్రదాయం. యాదవరాయలు ముందు చోళుల కింద సామంతులు. వాళ్ళ శాసనాలు తిరుపతి, తిరుమల, కాళహస్తి చుట్టూ కనిపిస్తాయి. 14వ శతాబ్దంలో ఈ సీమ విజయనగరం చేతికి వచ్చింది. 1359లో సాళువ మంగిదేవుడు తిరుమల విమానానికి బంగారు కలశం ఎత్తించాడు. తర్వాత ఇదే వంశానికి చెందిన సాళువ నరసింహుడు చంద్రగిరిలో కూర్చుని బలం కూడగట్టుకున్నాడు. 1485లో విజయనగర సింహాసనమే ఎక్కాడు. కృష్ణదేవరాయలు తన తమ్ముడు అచ్యుతరాయల్ని ఉంచింది ఈ కోటలోనే. 1529లో అచ్యుతుడు ఇక్కడి నుంచే బయల్దేరి తిరుమల, కాళహస్తి మీదుగా పట్టాభిషేకానికి వెళ్ళాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో హంపి పోయాక రాజధాని పెనుకొండకు మారింది. 1592 ప్రాంతంలో వేంకటపతిరాయలు దాన్ని చంద్రగిరికి తెచ్చాడు. మరో పదిహేనేళ్ళలోపే రాజధాని వేలూరుకు వెళ్ళిపోయింది. అంటే చంద్రగిరి విజయనగర రాజధానిగా ఉన్న కాలం చాలా తక్కువ. రాజధాని కాక ముందూ, అయ్యాక కూడా ఇక్కడ అసలు పని తిరుమల దారిని, స్వర్ణముఖి లోయను కాయడం. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మీ దగ్గరికి వచ్చేవాళ్ళు తప్పకుండా ఒక మాట అంటారు: "మద్రాసును ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చింది ఈ రాజమహల్లోనే కదా, 1639లో?" దీన్ని సరిచేసి చెప్పండి. 1639 ఆగస్టు 22 తేదీతో చెప్పుకునే మొదటి పట్టా దామర్ల వేంకటాద్రి నాయకుడు ఇచ్చింది. ఆయన రాయల కింద నాయకుడు, ఆ తీరప్రాంతం ఆయన చేతిలో ఉండేది. రాయల పేరిట ఆ పట్టాను ఖాయపరిచింది మూడో శ్రీరంగరాయలు, 1645లో. రెంటినీ కలిపి ఒకటిగా చెప్పడం వల్ల ఈ గందరగోళం వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1646లో, కోట గోల్కొండ సైన్యానికి లొంగింది.

ఇప్పుడు కొండ దగ్గరికి పోదాం.

చంద్రగిరి కొండ చుట్టూ నేల నుంచి సుమారు 600 అడుగులు ఎత్తు లేచిన ఒక పెద్ద బండ. కోట రెండు అంచెలు. కొండ పాదాన, రాజమహల్, రాణీమహల్ ఉన్నది కింది కోట. బండ మీద ఉన్నది పై కోట. రోజువారీ బతుకంతా కిందే. పై కోట ఆపద వేళకు. శత్రువు కింది గోడ దాటితే జనం, ధాన్యం, ఖజానా పైకి చేరాలి. కాబట్టి పై కోట ఎన్నాళ్ళు నిలబడుతుందో తేల్చేది గోడ కాదు, నీళ్ళు.

కొండ మీద బావి తవ్వితే నీళ్ళు పడవు, అది ఏకబండ. ఉన్న మార్గం ఒక్కటే. బండ మీద సహజంగా ఏర్పడిన గుంతలో వాన నీటిని నిలపడం. మన వైపు వాటిని దొనలు అంటాం. దొనకు పల్లం వైపు రాతి కట్ట వేసి, సందులు గచ్చుతో పూడ్చి, పొర్లిన నీళ్ళు కింది దొనలోకి పోయేలా కాలువ చెక్కుతారు. లెక్క వేసి చూడండి. రెండున్నర ఎకరాల బట్టబండ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్లు. మన తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం బాగానే కురుస్తుంది. అంటే నీళ్ళు దొరకడం కష్టం కాదు, నిలపడమే కష్టం.

ఉదాహరణకు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న ఒక దొన అనుకుందాం. అందులో 4 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున 200 మందికి 200 రోజులు వస్తుంది. కాగితం మీద అలా ఉంటుంది. కానీ జనవరి నుంచి మే దాకా రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైనా 150 రోజుల్లో 90 సెంటీమీటర్లు పోతుంది. దాదాపు సగం సూర్యుడే తాగేస్తాడు. పైగా నీళ్ళతో పాటు కొట్టుకొచ్చే మట్టి, ఆకులు ఏటా అడుగున పేరుకుంటాయి. ఎండాకాలంలో పూడిక తీయకపోతే రెండు మీటర్ల దొన కొన్నేళ్ళలో ఒక మీటరు దొన అవుతుంది. అందుకే కోటల్లో వెడల్పాటి దొన కన్నా ఇరుకుగా, లోతుగా, బండ నీడ పడే దొన విలువైంది. తాగేందుకు దాన్నే వాడేవాళ్ళు. వెడల్పు దొన పశువులకు, కట్టుబడికి. కొండ మీద కోటను ముట్టడించాలంటే కార్తీకం, మార్గశిరం పనికిరావు. చైత్రం, వైశాఖం కోసం కాచుకోవాలి. ఏ కోటకు వెళ్ళినా ముందు గోడలు చూడకండి, దొనలు లెక్కపెట్టండి. ఆ కోట ఎంతమంది కోసం కట్టారో అర్థమవుతుంది.

కింది కోటలోకి వద్దాం. గోడ చూడండి. పెద్ద పెద్ద గుండ్లను సున్నం లేకుండా ఒకదానితో ఒకటి ఇరికించి కట్టారు. సున్నం లేకపోవడం లోపం కాదు. వాన నీరు సందుల్లోంచి బయటికి పోతుంది, గోడ వెనక మట్టి ఉబ్బి నెట్టదు. ఇలాంటి గోడను బలపరుస్తున్నామని సందుల్లో సిమెంటు నింపితే నీరు లోపలే నిలిచి, మట్టి ఉబ్బి, రెండు మూడు వానాకాలాల్లో గోడ బయటికి బొజ్జ వేసుకుంటుంది.

రాజమహల్ దీనికి పూర్తిగా వేరే పని. మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నం తప్ప కొయ్య వాడలేదు. దూలం లేదు, వాసం లేదు. గదుల మీద కప్పంతా కమానులూ గుమ్మటాలే. పైన చూస్తే గుడి శిఖరాల్లాంటి గోపురాలు, కింద చూస్తే సుల్తానుల కట్టడాల్లో కనిపించే కమాను వాకిళ్ళు. రెండు పద్ధతులూ ఒకే గోడలో ఒదిగిపోయాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. హంపిని కాల్చిన సుల్తానుల వాస్తును వాళ్ళ శత్రువులైన రాయలు తన మహలుకు వాడుకున్నాడు. మంచి పనికి శత్రుత్వం అడ్డం రాలేదు.

కొయ్య లేకపోవడం వల్లే ఇది నిలిచింది. చెదలు తినడానికి ఏమీ లేదు, కాలడానికి ఏమీ లేదు. అయితే కమానుకు ఒక గుణం ఉంది. బరువును కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపుడు తట్టుకోవడానికే గోడలు అంత మందం. నడినెత్తిన ఉండే కీలకపు ఇటుకలు కదలనంత కాలం భయం లేదు. వాటిని కదిలించేది నీరు. మిద్దె మీద చిన్న చీలిక పడితే నీరు దిగి సున్నాన్ని కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. ఇటుక సందు ఖాళీ అవుతుంది, ఇటుక జారుతుంది, ఆ కమాను కూలుతుంది. ఏ పాత మహలుకైనా మొదటి వైద్యం పైకప్పుకే. గోడకు రంగు వేయడం తర్వాత.

సున్నం ఎలా చేసేవాళ్ళో చెప్పగలగాలి మీరు, ఎందుకంటే పిల్లలు అడుగుతారు. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి పొడి అవుతుంది. దాన్ని తడిగా కొన్ని వారాలు నానబెడతారు. సరిగ్గా చల్లారని పలుకు ఉండిపోతే, గోడలోకి వెళ్ళాక తడి తగిలి ఉబ్బి, పూతను పొక్కులు పొక్కులుగా ఊడగొడుతుంది. నానిన సున్నం ఒక వంతు, ఇసుక రెండు వంతుల లెక్కన గానుగలో పోస్తారు. గుండ్రటి రాతి తొట్టె, అందులో ఎద్దులు తిప్పే రాతి చక్రం. వెన్నలా సాగేదాకా నూరతారు. మిద్దె పై గచ్చుకు కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు. పరిచిన గచ్చును చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. దిమ్మిస ఎగిరిపడే దాకా కొట్టాలి. తొందరపడితే అడుగున గాలి బుడగలు మిగిలి, మొదటి ఎండకే నెర్రెలిస్తుంది.

ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిలా మారుతుంది. అందుకు ఏళ్ళు పడుతుంది. అయినా మెత్తదనం కొంత ఉంచుకుంటుంది, తడిని బయటికి వదులుతుంది. సిమెంటు అలా వదలదు. పాత ఇటుకల సందుల్లో సిమెంటు పూస్తే గోడలోని తడికి ఇటుకే దారి అవుతుంది. తడితో పాటు ఉప్పు ఇటుక ముఖం మీదికి వచ్చి గడ్డకడుతుంది, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. చివరికి సిమెంటు గీతలు గళ్ళలా నిలబడి ఉంటాయి, మధ్యలో ఇటుక ఉండదు. మన జిల్లాలో ఊరి పెద్దలు భక్తితో చేయించిన ఎన్నో మరమ్మతులు పాత గుళ్ళను ఇలాగే దెబ్బతీశాయి. వాళ్ళ భక్తిని తప్పుపట్టడం లేదు. సున్నం పని తెలిసినవాళ్ళను వెతికితే ఇప్పటికీ దొరుకుతారు.

ఇప్పుడు గుళ్ళు. విజయనగర కాలపు గుడి కింద నుంచి పైకి ఇలా ఉంటుంది: అధిష్ఠానం అనే అరుగు, దాని మీద స్తంభాలు చెక్కిన గోడ, ఆపైన చూరు వంటి కపోతం ఉన్న ప్రస్తరం అనే పైవరస. ఇంతవరకు సాధారణంగా రాయి. అక్కడి నుంచి గ్రీవం అనే మెడ భాగం, శిఖరం చాలా గుళ్ళలో ఇటుక, సున్నం. అందుకే పాడుబడ్డ గుడి దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా కనిపిస్తుంది. గోడలు నిన్న కట్టినట్టుంటాయి, పైన శిఖరం ఉండదు. చూసినవాళ్ళు వెంటనే "ఎవరో పగలగొట్టారు" అంటారు. కొన్నిచోట్ల నిజంగానే పగలగొట్టారు. చాలాచోట్ల పని చేసింది రావి విత్తనం. పక్షి రెట్టతో ఇటుక సందులో పడుతుంది. పూజ ఉన్న గుడిలో ఎవరో ఒకరు చూసి వేలెడంత ఉన్నప్పుడే పీకేస్తారు. పూజ లేని గుడిలో అది పదేళ్ళకు చెట్టు. వేరు మందమయ్యే కొద్దీ రాళ్ళను విడదీస్తుంది. అప్పుడు ఉత్సాహంతో చెట్టును లాగేస్తే వేరుతో పాటు గోడ కూడా వస్తుంది. మొదలు నరికి, వేరును అక్కడే చావనిచ్చి, ఎండిన తర్వాత సందును గచ్చుతో నింపాలి. ఇది పురావస్తు శాఖ రక్షణలోని స్థలం కాబట్టి మీరు చేయాల్సింది ఫోటో తీసి వాళ్ళకు చెప్పడం. చెయ్యి వేయకండి.

మూలవిరాట్టు లేని గుడి ఎవరిదని అడిగితే ఎలా చెప్పాలి? లలాటం మీద, అంటే వాకిలి పై అడ్డరాయి నడుమ, గజలక్ష్మి ఉందని వైష్ణవమని తేల్చేయకండి, శివాలయాల మీదా ఉంటుంది. ద్వారపాలకుల్ని చూడండి. శంఖచక్రాలుంటే జయవిజయులు. జడలు, కోరలు, త్రిశూలం ఉంటే శైవం. గర్భగుడికి ఎదురుగా చిన్న మండపం ఉంటే దాని కొలత చూడండి. కూర్చున్న నందికి పొడవాటి పీఠం కావాలి, నిలబడ్డ గరుడుడికి చిన్నది చాలు. లోపల పీఠం మిగిలి ఉంటే, దాని మీద గుంత లింగానికి తగ్గట్టు గుండ్రంగా ఉందా, విగ్రహం పాదానికి తగ్గట్టు చతురస్రంగా ఉందా చూడండి. ఉత్తరం వైపు గోడలోంచి అభిషేక జలం బయటికి వచ్చే రాతి తూమును సోమసూత్రం అంటారు. అది రెండు రకాల గుళ్ళలోనూ ఉంటుంది కనుక దాన్ని బట్టి తేల్చలేరు. ఒక్క గుర్తు మీద ఆధారపడకండి, మూడు కలిస్తే చెప్పండి.

పీఠం కింద గుంతలు కనిపిస్తాయి. నిధుల కోసం తవ్వినవి. గుడి కట్టేటప్పుడు గర్భన్యాసం అని చిన్న పెట్టెలో నవధాన్యాలు, లోహపు ముక్కలు, చిన్న రత్నాలు పెడతారు. అది శాస్త్రం కోసం పెట్టేది, ధనం కాదు. గుడి సొమ్ము ఎప్పుడూ పీఠం కింద ఉండేది కాదు, భండారంలోనూ భూముల్లోనూ ఉండేది.

ఆ భండారం మాటతో మొదటి ప్రశ్నకు తిరిగి వస్తున్నాను. తిరుమల, తిరుపతి ఆలయాల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి, ఎక్కువ భాగం తమిళంలో. రాజుల పొగడ్తల కన్నా వాటిలో ఎక్కువ ఉన్నది లెక్క. ఒక దాత శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, కొన్ని పణాలు (అప్పటి నాణేలు) కడతాడు. గుడి ఆ డబ్బును పెట్టెలో పెట్టి తాళం వేయదు. గుడి మాన్యపు ఊళ్ళలో చెరువులు తవ్వడానికి, కాలువలు తీయడానికి ఖర్చు పెడుతుంది. నీళ్ళు పారితే పంట పెరుగుతుంది. పెరిగిన పంటతో ఆ దాత పేరున రోజూనో, ఉత్సవాలకో నైవేద్యం జరుగుతుంది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. ఆ వంతును అతను మఠానికి రాసివ్వచ్చు, అమ్ముకోవచ్చు. మిగిలిన మూడు వంతులు అర్చకుల నుంచి వంటవాళ్ళ దాకా కైంకర్యపరులకు, గుడికి. ఒక్క దీపం వెనక ఒక చెరువు, ఆ చెరువు కింద రైతులు, ఆ ప్రసాదం మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. రాజు మారినా వీళ్ళలో ఎవరికీ ఆ దీపం ఆరిపోవడం ఇష్టం ఉండదు.

కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు వచ్చాడని, 1518లో 30,000 వరహాలతో విమానానికి బంగారు పూత వేయించాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ గుడిని శతాబ్దాలు నడిపించింది ఆ బంగారం కన్నా ఆ చెరువులని నేను అనుకుంటాను.

కోటలోని గుళ్ళకు ఈ అల్లిక లేదు. అవి రాజు ఇంటివాళ్ళ కోసం, దండు కోసం, కొలువు కోసం కట్టిన గుళ్ళు. కొలువు వేలూరుకు వెళ్ళగానే మొక్కేవాళ్ళలో సగం పోయారు. 1646తో మిగతా సగం. దండు మారింది, కొత్త దండు వేరే దేవుణ్ణి మొక్కింది. గుడిని కూల్చాల్సిన అవసరమే రాలేదు. నూనె పోసేవాళ్ళు లేరు, అంతే.

ఇంకొక మాట. కోట ఎవరి చేతిలో ఉంటే కొండ గుడి రాబడి వాళ్ళది. 1758లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ సోదరుడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చంద్రగిరిని పట్టుకుని తిరుపతి రక్షణ తనదన్నాడు. 1782లో హైదరాలీకి కోట లొంగింది, 1792 శ్రీరంగపట్నం సంధి దాకా మైసూరు కింద ఉంది. 1801లో ఇంగ్లీషువాళ్ళ ఈస్టిండియా కుంఫిణీ వచ్చింది. వీళ్ళలో ఎవరూ తిరుమలను కూల్చుకోలేదు. యాత్రికుల రాక ఆగితే రాబడి ఆగుతుందని అందరికీ తెలుసు. కుంఫిణీ 1843లో గుడిని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది, 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడింది. కోటకు మాత్రం కాయాల్సిన దారే లేకుండా పోయింది. ఆ తర్వాత దాన్ని బాగుచేయించాల్సిన అవసరం ఏ ఏలికకూ లేదు.

దీనికి పక్క సాక్ష్యం కావాలంటే శ్రీనివాస మంగాపురం చూడండి. కోటకు దగ్గరే. ఆ గుడీ ఒకప్పుడు దెబ్బతిన్నదే. అన్నమయ్య మనవడు తాళ్ళపాక చినతిరుమలయ్య బాగుచేయించి పూజలు నిలబెట్టాడని 1540 నాటి శాసనం చెబుతుంది. అక్కడి నుంచి శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, తిరుమలకు నడకదారి. చంద్రగిరి రాయలు ఈ దారినే కొండెక్కేవారని జనం చెప్పుకుంటారు. కొండ మీద నైవేద్యపు గంట మోగితే మండపం నుంచి మండపానికి గంటలు అందుకుని కోట దాకా వచ్చేవని, అది విన్నాకే రాయలు భోంచేసేవాడని కూడా చెప్పుకుంటారు. ఈ కథ చెప్పండి, కథ అని చెప్పండి.

రేపటి నడక సంగతి. పొద్దున్నే మొదలుపెట్టండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడే గోడ మీద అక్షరాలు కనిపిస్తాయి. నీడలో ఉన్న శాసనం చూపాలంటే టార్చిలైటును గోడకు ఆనించినట్టు పక్క నుంచి వేయండి. సుద్దముక్క రాయకండి, పసుపు, నూనె పూయకండి. నూనెకు దుమ్ము పట్టి అక్షరం శాశ్వతంగా మూసుకుపోతుంది. ముందు కోట గోడ, తర్వాత గుళ్ళు, ఆ తర్వాతే రాజమహల్. లోపల మ్యూజియానికి శుక్రవారం సెలవు. పై కోటకు తీసుకెళ్ళాలంటే ముందు పురావస్తు శాఖ సిబ్బందిని అడగండి. వానాకాలంలో బండ పాచిపట్టి ఉంటుంది, వాళ్ళు సరేనన్నా ఎక్కించకండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. సాయంత్రం జట్టు ఉంటే నడకను ఊళ్ళోని కోదండరామాలయం దగ్గర ముగించండి. అక్కడ పూజలు నడుస్తున్నాయి. దీపారాధన వేళకు చేరేలా చూసుకుంటే చాలు.